హబీబ్ ఎవరంటారా?

మా రోజుల్లో హైదరాబాద్ పిల్లవాడు బతుకుదెరువుకు ఊరు విడుస్తున్నాడంటే సికింద్రాబాద్‌లో రైలెక్కేవాడు. చేతిలో రేకు పెట్టె, అందులో రెండు మూడు జతల బట్టలు, వాటి పక్కన పాత పేపర్లో చుట్టిన బూట్లు. బెజవాడ, వాల్తేరు దాటి హౌరాలో దిగేవాడు. వెళ్లేది బంతి ఆడడానికి. ఇప్పుడు మా అమీర్‌పేట నుంచి కూడా పిల్లలు వెళ్తూనే ఉన్నారు. జావా, శాప్, డెవాప్స్ అంటూ నాలుగు నెలలు ఇక్కడి హాస్టల్లో ఉండి, ఆ తర్వాత బెంగళూరో డల్లాసో చేరుకుంటున్నారు. వెళ్లడం తప్పని నేననను. పొట్ట ఎక్కడ నిండుతుందో మనిషి అక్కడికే పోతాడు. నా కోపం వేరే. అలా వెళ్లి, ఒక పరాయి నగరాన్ని పదిహేనేళ్లు తన చుట్టూ తిప్పుకున్న మనిషిని ఈ ఊరు మరిచిపోయింది. ఆ మరపు మీద నా కోపం.

మైత్రీవనం వెనక గల్లీలో నేను చాయ్ తాగే చోట ఒక కుర్రాడు కనిపిస్తుంటాడు. జగిత్యాల వైపు వాడు, ఏదో క్లౌడ్ కోర్సు నేర్చుకుంటున్నాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. ఒంటి మీద ఎప్పుడూ అర్జెంటీనా జెర్సీ, వీపు మీద పదో నంబరు. 2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చినప్పుడు డబ్బులు కూడబెట్టి టికెట్ కొని మరీ వెళ్లొచ్చాడు.

“పెద్దగా ఆట ఏం లేదు అంకుల్. కానీ కళ్లారా చూసిన” అన్నాడు.

“మంచిదే నాయనా. మరి పెలే ఆడుతున్న జట్టు మీద గోల్ కొట్టిన హైదరాబాదీ ఎవరో చెప్పు.”

“మనోళ్లా? పెలే టీమ్ మీదనా?”

“మహమ్మద్ హబీబ్.”

“హబీబ్ ఎవరు అంకుల్?”

వాడి మీద నాకు కోపం రాలేదు. వాడికి ఎవరు చెప్పారు గనక? వాడు చదివిన పుస్తకాల్లో లేడు, వాడు పుట్టిన జిల్లాలో ఎవరూ చెప్పుకోలేదు, ఈ ఊళ్లో గోడల మీద లేడు. అమీర్‌పేట చౌరస్తా నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే సాఫ్ట్‌వేర్ కోర్సుల పేర్లు, బంగారు దుకాణాల పేర్లు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు కళ్ల నిండా కనిపిస్తాయి. ఒక్క ఫుట్‌బాల్ ఆటగాడి పేరు నాకు కనబడలేదు. అందుకే వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

హబీబ్ సంగతికి ముందు రహీం సాబ్ సంగతి చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఆ ఏడాది మొదలుకుని 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్పును మన పోలీసులు వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చారు. 1950 డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్‌నే ఓడించారు. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం. అప్పటికే ఒంట్లో క్యాన్సర్ ముదిరింది. జకార్తా నుంచి వచ్చిన మరుసటి ఏడాది, 1963 జూన్‌లో పోయాడు. ఆయన కథ మనవాళ్లకు తెలియడానికి 2024లో అజయ్ దేవగన్ నటించిన హిందీ సినిమా ‘మైదాన్’ రావాల్సి వచ్చింది. మన ఊరి పంతులు కథను బొంబాయి వాళ్లు తీస్తే మనం టికెట్టు కొని చూశాం. ఇన్ని తెలుగు సినిమాలు తీసే ఊళ్లో, అన్నపూర్ణ స్టూడియో ఉన్న ఊళ్లో, ఆ కథ ఒక్కరికీ తట్టలేదే!

రహీం సాబ్ ఏం చేశాడో నేటి కోచ్‌లు నేర్చుకోవాలి. చిన్న పిల్లలకు ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. కొన్నింట్లో బంతిని కాలికి అంటించుకుని ఒక్కడే పరుగెత్తడం నిషేధం. బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. కొన్నింట్లో అలవాటైన కాలు వాడకూడదు, రెండో కాలితోనే తన్నాలి. బంతి రాకముందే తల ఎత్తి చూడడం, ఎవడు ఖాళీగా ఉన్నాడో కనిపెట్టడం, ఎడమకాలికి పడినా కుడికాలికి పడినా ఒకే రకంగా అందించడం ఆ వయసులోనే ఒంటబట్టేవి. ఆ పోటీల్లో పెరిగిన పిల్లల్లోంచి మధ్య వరసలో ఆడేవాళ్లు పుట్టుకొచ్చారు. అప్పుడు వాళ్లను హాఫ్ అనేవాళ్లం, ఇప్పుడు మిడ్‌ఫీల్డర్ అంటున్నారు. నూర్ మహమ్మద్ అలాంటి హాఫ్. 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింట్లోనూ ఆడాడు. యూసుఫ్ ఖాన్ 1960 రోమ్ ఒలింపిక్స్‌కూ 1962 జకార్తాకూ వెళ్లాడు, 1966లో అర్జున అవార్డు తీసుకున్నాడు. ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడేవాడు.

మిడ్‌ఫీల్డర్ పని గురించి ఒక మాట. జట్టులో వాడి స్థానం ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి స్థానం. ఇంట్లో ప్రతి పనీ ఆమె చేతి మీదుగానే నడుస్తుంది, పొగడ్త మాత్రం ఇంకెవరికో పోతుంది. గోల్ కొట్టినవాడి ఫొటో పేపర్లో పడుతుంది, ఆపిన గోల్‌కీపర్‌ని భుజాల మీద ఊరేగిస్తారు. ముందుకు పరుగెత్తి బంతి అందించి, అది పోయిందంటే మళ్లీ వెనక్కి పరుగెత్తి లాక్కొచ్చేవాడిని గుర్తుపట్టాలంటే ఆట తెలిసిన కన్ను ఉండాలి. ఆ కన్ను ఒకప్పుడు ఈ ఊళ్లో రిక్షావాళ్లకు కూడా ఉండేది. ఫతే మైదాన్ మెట్ల మీద కూర్చుని హాఫ్ ఇచ్చిన మంచి పాస్‌కు “వాహ్ మియా” అని లేచి నిలబడిన జనాన్ని నేను చూశాను. గోల్ పడకపోయినా చప్పట్లు కొట్టే జనం వాళ్లు.

ఆ గాలిలో పుట్టినవాడు మహమ్మద్ హబీబ్. 1949 జులై 17న హైదరాబాద్‌లో పుట్టాడు. అన్నదమ్ముల ఇంట్లో బంతే కాలక్షేపం, బంతే చదువు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఓడినవాళ్లు ఊరికే కూర్చోలేదు. 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు హబీబ్‌ను కలకత్తాకు తీసుకెళ్లింది. అప్పటికి అతనికి పదిహేడేళ్లు.

పదిహేడేళ్ల పిల్లవాడు. నోట్లో దక్కనీ ఉర్దూ తప్ప బెంగాలీ ముక్క లేదు. మన నేల గట్టి మొరం నేల, పడితే మోకాలు గీరుకుపోతుంది, బంతి ఎగిరెగిరి పడుతుంది. కలకత్తా లీగ్ వానాకాలమంతా నడుస్తుంది. అక్కడ కాలు చీలమండ దాకా బురదలో దిగిపోతుంది, బంతి నీళ్లు తాగి బరువెక్కుతుంది. తిండి వేరు, నేల వేరు, జనం వేరు. మైదానం చుట్టూ వేలమంది, ఒక్క తప్పు పాస్ ఇస్తే ట్రాముల్లో ఇంటికి పోతూ కూడా తిట్టేవాళ్లు. అలాంటి చోట పరాయి ఊరి పిల్లవాడు నిలదొక్కుకోవడమే గొప్ప. ఇతను నిలదొక్కుకుని ఊరుకోలేదు, ఆ ఊరికి పెద్దవాడైపోయాడు. ‘బడే మియా’ అని పిలిచారు బెంగాలీలు. వాళ్ల ఊరివాడు కాదు, వాళ్ల భాష వాడు కాదు, చాలామందికి వాళ్ల మతం వాడూ కాదు. అయినా పెద్దవాడని పిలుచుకున్నారు.

ఎందుకంటే అతను ఆడే తీరు అలా ఉండేది. పెద్ద పొడగరి కాదు. బంతి పోతే ముఖం చిన్నబుచ్చుకుని నిలబడేవాడు కాదు, పోగొట్టిన చోట నుంచే వెంటపడేవాడు. ముందు వరసకు సాయంగా ఆడేవాడు, సందు దొరికితే గోల్ కొట్టేవాడు, రెండు నిమిషాల్లో మళ్లీ తమ సగంలో ఎదుటివాడి కాళ్ల దగ్గర కనిపించేవాడు. తనకన్నా పెద్ద పేరున్నవాడు ఎదురుగా ఉన్నా అడుగు వెనక్కి వేయలేదు. తన పక్కనున్నవాళ్లు ఒళ్లు దాచుకుంటే మైదానంలోనే గదిమేవాడు. ఇంతకన్నా వేరే ఏం కావాలి మిడ్‌ఫీల్డర్‌కి?

1966 నుంచి రెండేళ్లు ఈస్ట్ బెంగాల్, తర్వాత మోహన్ బగాన్, 1970 నుంచి మళ్లీ ఈస్ట్ బెంగాల్. ఆ క్లబ్బు 1970 నుంచి 1975 దాకా వరసగా ఆరేళ్లు కలకత్తా లీగ్ గెలిచింది. అందులో మొదటి ఐదేళ్లూ హబీబ్ అక్కడే ఉన్నాడు. 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్‌కు, 1976లో మోహన్ బగాన్‌కు. కలకత్తాలో ఒక క్లబ్బు వదిలి ఎదుటి క్లబ్బుకు వెళ్లడం అంటే చిన్న సంగతి కాదు. సంతకాల కాలం వస్తే క్లబ్బుల పెద్దలు ఆటగాళ్లను ఎవరికీ దొరక్కుండా దాచిపెట్టేవాళ్లు. ఆ కొట్లాటల మధ్య బెంగాల్‌లోని మూడు పెద్ద క్లబ్బులకూ కావలసినవాడయ్యాడంటే అతని విలువ ఎంతో ఆలోచించండి. తమ్ముడు అక్బర్ కూడా వెంటే ఉన్నాడు. 1976లో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టినవాడు ఆ అక్బరే. కలకత్తా ముసలివాళ్లు ఇవాళ్టికీ ఆ పదిహేడు సెకన్లను వేళ్ల మీద లెక్కబెట్టి చెబుతారు.

ఇప్పుడు పెలే సంగతి. 1977 సెప్టెంబర్ 24. అమెరికా నుంచి న్యూయార్క్ కాస్మోస్ జట్టు కలకత్తా వచ్చింది. పెలే ఆట నుంచి తప్పుకునే రోజులు దగ్గరపడ్డాయి. ఈడెన్ గార్డెన్స్ వానకు తడిసి ముద్దయింది, జనం మాత్రం కిక్కిరిసిపోయారు. ఎదురుగా మోహన్ బగాన్. పెలేతో పాటు బ్రెజిల్‌కు ప్రపంచకప్ గెలిపించిన కెప్టెన్ కార్లోస్ ఆల్బెర్టో, ఇటలీ వాడు కినాల్యా. ఆ ముఖాలు చూస్తేనే కాళ్లు వణకాలి. శ్యామ్ థాపా ఒక గోల్, మన హబీబ్ ఒక గోల్. మోహన్ బగాన్ ముందంజలోకి వెళ్లింది. చివర్లో పెనాల్టీతో కాస్మోస్ సమం చేసుకుని 2–2తో బయటపడింది. ఇక్కడ మర్నాడు పేపర్ చూసి మా కుర్రాళ్లం గంతులేశాం. ఆ గోల్ కొట్టిన కాలు మన మొరం నేల మీద బంతి నేర్చిన కాలు.

ఆ ఏడాదే మోహన్ బగాన్ ఐఎఫ్‌ఏ షీల్డ్, రోవర్స్, డ్యూరాండ్ మూడూ గెలిచింది. అంతకు ముందు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ జపాన్‌ను ఓడించి కంచు పతకం తెచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ వాడే, మధ్యలో హబీబ్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు ఏ పతకమూ రాలేదు. 1980లో హబీబ్‌కు అర్జున అవార్డు ఇచ్చారు.

ఇంకొక సంగతి చెప్పకపోతే అన్యాయం. అప్పట్లో ఆటగాడికి ఆట ఒక మెట్టు. పోలీసు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో బ్యాంకు ఉద్యోగమో వస్తే చాలు, ఇంట్లో దీపం పెట్టేవాళ్లు. ఆ ఆశ తప్పు కాదు, ముసలితనానికి పింఛను కావాలి. హబీబ్‌కు ఉద్యోగాలు ఇస్తామన్నారు. వద్దన్నాడు. బంతి ఆడడమే నా పని, దాని మీదే బతుకుతాను అన్నాడు. ఈ దేశంలో నిజమైన మొదటి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అతనేనని ఇప్పుడు పుస్తకాలు రాసేవాళ్లు అంటున్నారు. అప్పట్లో మా పెద్దవాళ్లు మాత్రం “ఆ పిల్లవాడికి తిక్క” అన్నారు. మా పెద్దవాళ్లది తప్పు.

ఆట మానాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలోనూ హల్దియా అకాడమీలోనూ పిల్లలకు నేర్పాడు. ఆ తర్వాత హైదరాబాద్ తిరిగొచ్చాడు. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్, మతిమరుపు పట్టుకున్నాయి. 2023 ఆగస్టు 15న పోయాడు, డెబ్బై నాలుగేళ్ల వయసులో. జెండా పండుగ రోజు. కలకత్తా పత్రికలు పేజీలు నింపాయి. మూడు క్లబ్బుల అభిమానులు కలిసి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇక్కడ మా కాలనీలో ఆ సాయంత్రం నేను చెబితే గానీ ఎవరికీ తెలియలేదు. “ఎవరండీ ఆయన, మీకు బంధువా?” అని అడిగారు.

ఆ మాటకు ఏం జవాబివ్వాలి? బంధువే. ఒక ఊరిలో పుట్టిన గొప్పవాడు ఆ ఊరందరికీ బంధువు.

తులసీదాస్ బలరామ్‌కూ ఇదే జరిగింది. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు. అక్కడి నుంచి శిక్షణకు రావడానికి సైకిల్ అద్దెకు డబ్బులు లేకపోతే రహీం సాబే ఇచ్చాడని ఆయనే చెప్పుకునేవాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, మెల్‌బోర్న్, రోమ్ రెండు ఒలింపిక్స్ ఆడాడు, ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ముప్పై నిండకముందే బూట్లు విప్పేశాడు. మళ్లీ ఇటు రాలేదు. బెంగాల్‌లో ఉత్తరపాడలోనే ఉండిపోయి, హబీబ్ పోయిన ఏడాదే ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశాడు. ఒకే ఏడాదిలో ఇద్దరు. హబీబ్ తర్వాత విక్టర్ అమల్‌రాజ్, షబ్బీర్ అలీ ఇలా ఎందరో అదే రైలెక్కారు. అమల్‌రాజ్ అచ్చమైన మిడ్‌ఫీల్డర్, కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ ఆడాడు. ఒక్క పేరు చెబితే ఇరవై పేర్లు నోటికొస్తాయి. ఆ రోజుల్లో కలకత్తా క్లబ్బుల పెద్దలకు ఆటగాడు కావాలంటే హైదరాబాద్ గల్లీల దారి తెలిసి ఉండాలి.

మరి ఇప్పుడు? ఇప్పుడు లెక్క తిరగబడింది. పంపేవాళ్లం కొనుక్కునేవాళ్లమయ్యాం.

కొనుక్కోవడం కూడా తప్పు కాదు. 2019లో పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం దాని ఇల్లుగా ఉండేది. 2020లో బ్రెజిల్ నుంచి జోవావ్ విక్టర్ అనే మిడ్‌ఫీల్డర్ వచ్చాడు. స్పెయిన్‌లో మయోర్కాకు, ఖతర్‌లో ఉమ్ సలాల్‌కు, గ్రీసులో ఓఎఫ్‌ఐ క్లబ్బుకు ఆడి, ముప్పై దాటాక మన ఊరి పేరున్న చొక్కా తొడుక్కున్నాడు. ఆ మనిషి ఆట చూస్తే నాకు పాత హాఫ్‌లు గుర్తొచ్చారు. తొందరపడడు, అరవడు. బంతి ఎక్కడ పడబోతోందో ముందే అక్కడ ఉంటాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద దేశపు పెద్ద లీగ్ ఫైనల్. అటు రాహుల్ కేపీ గోల్, ఆట ముగియబోతుండగా ఇటు సాహిల్ తవోరా గోల్, 1–1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3–1తో గెలిచాం. మన ఊరు దేశంలో విజేతగా నిలిచింది. కెప్టెన్ జోవావ్ విక్టరే.

కోవిడ్ వల్ల 2020–21, 2021–22 సీజన్లు రెండూ మొత్తం గోవాలోనే ఆడించారు. ఈ ఊరి పేరుతో కప్పు గెలిచిన కెప్టెన్ అప్పటికి ఈ ఊరి జనం ముందు ఒక్క లీగ్ ఆట కూడా ఆడలేదు! 2022 అక్టోబర్‌లో గానీ జట్టు గచ్చిబౌలికి రాలేదు. వచ్చాకైనా మనం ఏం చేశాం? ఐపీఎల్ రోజున ఉప్పల్ దారంతా నిలిచిపోతుంది. గచ్చిబౌలిలో దేశపు విజేతలు ఆడుతుంటే ఖాళీ కుర్చీలు చూసి నాకు తల వంగిపోయింది. బ్రెజిల్ నుంచి వలస వచ్చి మన పేరు నిలబెట్టినవాడికి కలకత్తా వాళ్లు హబీబ్‌కు ఇచ్చినదాంట్లో నాలుగో వంతు కూడా మనం ఇవ్వలేకపోయాం.

తర్వాత కథ తొందరగా ముగిసింది. 2023–24లో క్లబ్బుకు డబ్బు కష్టాలు, జీతాల తగాదాలు. విదేశీ ఆటగాళ్లలో చాలామంది తరలిపోయారు. ఆ సీజన్‌ను ఎక్కువగా స్వదేశీ కుర్రాళ్లే నెట్టుకొచ్చి పట్టికలో అట్టడుగున ముగించారు. వాళ్లను నేను ఒక్క మాట అనను, నిలబడి ఆడినందుకు మెచ్చుకుంటాను. చివరికి 2025లో క్లబ్బు యాజమాన్యం పేరూ ఊరూ మార్చేసి ఢిల్లీ పట్టుకుపోయింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట. మూడేళ్ల కింద దేశాన్ని గెలిచిన జట్టు ఊరు వదిలిపోతే ఒక ఊరేగింపు లేదు, ఒక ధర్నా లేదు. పంజాగుట్ట చౌరస్తాలో ఎంత చిన్న సంగతికైనా ధర్నా చేస్తారే! దీనికి పదిమంది కూడా రాలేదు. కలకత్తాలో అయితే ఒక క్లబ్బును ఇంకో ఊరికి తరలిస్తామంటే ఆ యజమాని క్షేమంగా ఇంటికి చేరేవాడు కాదు.

ఒక్క మన దగ్గరే ఈ మరపు అనుకుంటే, తెలుగువాళ్లందరిదీ ఇదే వరస. 2006 ప్రపంచకప్ ఫ్రాన్స్ జట్టులో జిదాన్ పక్కన వికాష్ దొరాసూ అనే మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు. అతని పూర్వులు మన ఆంధ్ర నుంచి మారిషస్ వలస వెళ్లినవాళ్లు. మారిషస్ నుంచి ఆ కుటుంబం ఫ్రాన్స్ చేరింది. 1973లో అక్కడే పుట్టి, లియాన్ తరఫున ఫ్రాన్స్ లీగ్ రెండుసార్లు గెలిచి, ఇటలీలో ఏసీ మిలాన్‌కు ఆడి, ప్రపంచకప్ దాకా వెళ్లాడు. అక్కడ రెండు ఆటల్లో చివర్లో దిగడానికి మాత్రమే అవకాశమిచ్చారు. ఆ ఎదురుచూపును చిన్న కెమెరాతో తానే తీసుకుని సినిమా చేశాడు. అమెరికాలో ఎవరైనా మనవాడు ఒక కంపెనీకి పెద్ద అయితే వారం రోజులు టీవీలో అతని తాతముత్తాతల ఊరు చూపిస్తారు. ప్రపంచకప్ ఫైనల్ ఆడిన జట్టులో తెలుగు రక్తం ఉందని ఎంతమందికి తెలుసు?

మళ్లీ మా అమీర్‌పేటకు వస్తాను. ఆటగాడు ఎక్కడి నుంచో ఊడిపడడు. ఖాళీ నేల నుంచి పుడతాడు. నా చిన్నప్పుడు ఇది ఊరి చివర. అటు బల్కంపేట ఎల్లమ్మ గుడి, ఇటు ప్రకృతి చికిత్సాలయం, మధ్యలో తోటలు, బంగళాలు, చింతచెట్లు, ఎవరూ పట్టించుకోని ఖాళీ జాగాలు. బడి వదలగానే ఇటుకలు రెండు పెట్టుకుంటే గోల్. పక్క బస్తీవాళ్లతో పందెం. చొక్కా విప్పినవాళ్లు ఒక జట్టు, వేసుకున్నవాళ్లు ఒక జట్టు. కాలు విరిగితే పంజాగుట్టలో నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రి ఉండనే ఉంది, ఇప్పటి నిమ్స్. కట్టు కట్టించుకుని మూడో నెల మళ్లీ మైదానంలో ఉండేవాళ్లం. హిందూ పిల్లలు, ముస్లిం పిల్లలు, బొల్లారం వైపు నుంచి వచ్చే తమిళ క్రైస్తవ పిల్లలు, అందరం ఒకే బంతి వెనక. ఇప్పుడు ఆ జాగాల్లో ఒక్కటీ మిగల్లేదు. మేం ఆడిన చోట ఐదంతస్తుల హాస్టల్ ఉంది, గదికి నాలుగు మంచాలు.

బడులకు మైదానాలు లేవు. అపార్ట్‌మెంట్లో బడి, సెల్లార్‌లో ప్రార్థన, పీటీ పీరియడ్‌లో లెక్కలు. నా మనవడిని చేర్పించిన బడిలో ఆటస్థలం ఎక్కడ అని అడిగితే టెర్రస్ చూపించారు. ఆ టెర్రస్ మీద ఏ రహీం సాబ్ వచ్చి నేర్పగలడు? కాస్త డబ్బున్న పిల్లలు టర్ఫ్ అని గంట లెక్కన అద్దె కట్టి, వల కట్టిన డబ్బాలో ఆడుకుంటున్నారు. ఆ కాస్త ఆట కూడా మంచిదే, కాదనను. కానీ హబీబ్ గంట లెక్కన అద్దె కట్టి నేర్చుకున్నవాడు కాదు. అద్దె కట్టలేని పిల్లవాడిని గేటు దగ్గరే ఆపేశామంటే, ఈ ఊరి ఆటగాళ్లు ఎక్కడ పుట్టేవాళ్లో ఆ తలుపే మూసేశాం.

మనకు డబ్బు లేక కాదు. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలిసే అంత పెద్ద స్టేషన్ కట్టారు. 2017లో అది మొదలైనప్పుడు నేనూ సంతోషించాను, ఇప్పటికీ మెట్లెక్కలేని నా వయసువాళ్లకు ఆ లిఫ్టులు దేవుళ్లు. అంత కట్టగలిగిన ఊరు ఒక ఎకరం ఖాళీగా ఉంచలేదా? మెస్సీని పిలిపించి ఉప్పల్‌లో పండగ చేయగలిగిన ప్రభుత్వానికి గల్లీ పిల్లలకు ఏడాది పొడవునా ఒక టోర్నమెంటు నడపడం కష్టమా? మెస్సీ వచ్చాడు, వెళ్లాడు. ఆ రాత్రి చప్పట్లు కొట్టిన పిల్లల్లో ఎంతమందికి మర్నాడు పొద్దున కాలితో తన్నడానికి నేల దొరికింది?

ఇదంతా విని ఆ జగిత్యాల కుర్రాడు నొచ్చుకున్నాడు. “మా తరం మొత్తం పనికిరానిదే అంటరా అంకుల్?” అన్నాడు.

అనను. అలా అంటే గుగులోత్ సౌమ్యకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళా జట్టుకు సంతకం చేసింది. ఐరోపా క్లబ్బు చొక్కా తొడిగిన తెలంగాణ అమ్మాయి. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. అవును, 1966లో హబీబ్ వెళ్లిన ఆ క్లబ్బుకే. 2024–25లో ఆ జట్టు మహిళల జాతీయ లీగ్ గెలిచింది, ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా సౌమ్యనే ఎంపిక చేశారు. ఆమె హైదరాబాద్ నడిబొడ్డు నుంచి రాలేదు. పరుగెత్తడానికి ఇంకా నేల మిగిలిన తండా నుంచి వచ్చింది. నేను చెబుతున్న సంగతికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ అమ్మాయి పేరు చెబితే మా చాయ్ కొట్టు దగ్గర ఉన్నవాళ్లంతా మొహాలు చూసుకున్నారు. ఇప్పుడు ఆడుతున్న పిల్ల, ముసలిది కాదు, పోయిన మనిషి కాదు. ఈమెనూ పోయాకే తలుచుకుంటామా?

కాబట్టి నేను అడిగేది ఇదీ. ఈ చుట్టుపక్కల ఉన్న ప్రభుత్వ బడుల ఆవరణలు, కార్పొరేషన్ మైదానాలు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పిల్లలకు ఉచితంగా తెరవండి. తాళం చెవులు కాంట్రాక్టర్ల చేతిలో పెట్టకండి. పెళ్లిళ్లకూ ఎగ్జిబిషన్లకూ ఇవ్వకండి. రహీం సాబ్ పెట్టినట్టే పన్నెండేళ్ల లోపు పిల్లలకు పోటీ పెట్టండి, ఎవడూ ఒంటరిగా బంతి పట్టుకుని పరుగెత్తకూడదనే షరతుతో. దానికి హబీబ్ పేరు పెట్టండి. నిర్వహించడానికి మనిషి దొరకడంటే నన్ను పిలవండి. మోకాళ్లు సహకరించవు గానీ, ఈల ఊదడం ఇంకా వచ్చు, స్కోరు రాయడం వచ్చు. ఆ జగిత్యాల కుర్రాడు గీతలు గీయడానికి సున్నం తెస్తానన్నాడు.